సంచి బరువుతో పాటు పాత్రనూ తూచండి: విజయనగరం, శ్రీకాకుళం పోలీసు అధికారులకు బహిరంగ లేఖ

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు సూపరింటెండెంట్లకు, మాదకద్రవ్యాల కట్టడి చూసే ఈగల్ విభాగం అధికారులకు,

నమస్కారం.

నేను విజయనగరం కోర్టుల్లో న్యాయవాదిని. న్యాయ సేవాధికార సంస్థ తరఫున గంజాయి కేసుల్లో ముద్దాయిలైన మహిళలకు వకాల్తా వేస్తుంటాను. బొడ్డవర దగ్గర అర్ధరాత్రి వాహనాలు ఆపి వెతికే కానిస్టేబుళ్ల కష్టం నాకు తెలుసు. ఇచ్ఛాపురం దగ్గరి పురుషోత్తపురం చెక్‌పోస్టులో మండుటెండలో నిలబడే సిబ్బందినీ చూశాను. మన పిల్లలు చదివే కాలేజీల చుట్టూ ఆ పొట్లాలు తిరగకూడదని కోరుకునే తల్లుల్లో నేనూ ఒకదాన్ని. కాబట్టి ఈ లేఖను ముద్దాయిల వకీలు వాదన అని పక్కన పెట్టవద్దని మనవి.

నా బాధ ఒక్కటే. గంజాయి కేసులో మహిళ దొరికితే మన దగ్గర రెండు కథలే నడుస్తున్నాయి. ఒకటి, పాపం ఎవరో ఇచ్చిన సంచి మోసింది అనేది. రెండోది, మర్నాడు పత్రికలో ముఖానికి ముసుగు వేసిన ఫొటో, దానిపైన లేడీ డాన్ అనే శీర్షిక. ముఠాలో ఆమె నిజంగా ఏ పని చేసింది, ఆ పని ఆమెకు ఎవరు అప్పగించారు, డబ్బు మీద ఆమెకు పెత్తనం ఉందా, లేక ఆమె పేరు మాత్రమే ఉందా అన్నది ఈ రెండు కథల్లోనూ లేదు. దర్యాప్తులోనూ ఉండడం లేదు. ముఠాలు ఈ లోటును బాగా కనిపెట్టాయి. దాని మీదే బతుకుతున్నాయి.

మన రెండు జిల్లాలు ఈ సరుకుకు ప్రధానంగా దారి. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల నుంచి, ఒడిశాలోని కోరాపుట్, మల్కన్‌గిరి, గజపతి జిల్లాల నుంచి దిగే సరుకుకు రైలైనా రోడ్డైనా ఇటే వెసులుబాటు. కిరండూల్ లైను వచ్చి కలిసే కొత్తవలస, రాయగడ లైను వచ్చి కలిసే విజయనగరం, హౌరా నుంచి చెన్నై పోయే బండ్లు ఆగే పలాస, వీటి పక్కనే 16వ నంబరు జాతీయ రహదారి. ఈ దారి పొడవునా ఆడవాళ్లు ఉన్నారు. కొండ మీద తోటల్లో కలుపు తీసి, కొమ్మలు కోసి ఎండబెట్టే కూలీల్లో ఉన్నారు. జనరల్ బోగీలో సీటు కింద సంచి పెట్టుకుని కూర్చునేవాళ్లలో ఉన్నారు. పట్టణ పేటల్లో ఇంటి దగ్గర చిన్న పొట్లాలు అమ్మేవాళ్లలో ఉన్నారు. డబ్బు వచ్చి పడే బ్యాంకు ఖాతా చాలాసార్లు ఆడవాళ్ల పేరిటే ఉంటుంది.

ఇది నిన్న మొన్న మొదలైంది కాదు. నాటుసారా రోజుల్లో తోటలో బట్టీ పెట్టేది మగవాళ్లయితే, ఇంటి గుమ్మంలో గ్లాసు లెక్కన అమ్మేది ఆడవాళ్లు. ఎక్సైజు వాళ్లు లోపలికి రావడానికి తటపటాయిస్తారన్న ధీమా అప్పుడూ ఉండేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారాకు వ్యతిరేకంగా లేచింది ఆడవాళ్లే, ఎన్నో పల్లెల్లో ఆ సారా అమ్మి పిల్లలను సాకిందీ ఆడవాళ్లే. ఈ రెండు నిజాలనూ ఒకే ఊళ్లో చూసిన తరం మనది.

ఇప్పుడు మారిందేమిటో ఒక కేసు ద్వారా చెబుతాను. ఆమె పేరు, ఊరు, పట్టుబడిన స్టేషను రాయను. రాయడానికి ఆమె ఒప్పుకున్నంతవరకే రాస్తున్నాను.

ప్రయాణ సంచి. పైన రెండు చీరలు, ఒక చిన్నపిల్ల గౌను. వాటి కింద గోధుమరంగు టేపు బిగించి చుట్టిన పొట్లాలు. తూకం వేస్తే 20 కిలోలు దాటింది. చేతిలో చెన్నై వైపు జనరల్ టికెట్టు, చిన్న బటన్ ఫోను, అందులో ఒకే ఒక్క నంబరు. సిమ్ము ఆమె పేరు మీద లేదు. సోదా వేళ సాక్షుల ముందు రాసే మధ్యవర్తుల నివేదికను తెలుగులో రాశారు. ఆమె మాట్లాడేది కొండల్లోని ఆదివాసీల భాష కువి. తెలుగు సంతలో బేరమాడేటంత వచ్చు, చదవడం రాదు. తనిఖీకి ముందు గెజిటెడ్ అధికారి ఎదుటనో మెజిస్ట్రేటు ఎదుటనో సోదా చేయించుకునే హక్కు ఉందని ఆమెకు వివరించినట్టు, తెలిసే రవాణా చేస్తున్నానని ఆమె అంగీకరించినట్టు ఆ కాగితంలో ఉంది. కింద వేలిముద్ర ఉంది. ఆ మాటలు ఆమెకు ఏ భాషలో వివరించారో మాత్రం లేదు.

అభియోగపత్రంలో ఏ2, అంటే రెండో ముద్దాయి, ఒక పురుషుడు. ముద్దుపేరు తప్ప తండ్రి పేరు లేదు, ఊరు లేదు, పరారీలో ఉన్నాడు. ఆమె బంధువు ఒకరిని దుబాసీగా కూర్చోబెట్టుకుని జైలు ములాఖత్‌లో నేను అడిగితే ఆమె వెంటనే చెప్పింది, సంచి ఇచ్చింది పక్క ఊరి ఆడమనిషి అని. ఆ ఆడమనిషి కూడా ఒకప్పుడు సంచి మోసినదే. ఇప్పుడు తాను మోయదు. అప్పుల్లో ఉన్న ఇళ్లు ఏవో, మగవాడు వలస వెళ్లిన ఇల్లు ఏదో, తాగుబోతు మొగుడున్న ఇల్లు ఏదో ఆమెకు తెలుసు. మాట్లాడి ఒప్పిస్తుంది, అడ్వాన్సు చేతిలో పెడుతుంది, స్టేషను దాకా వచ్చి ఎక్కిస్తుంది, ఒక్కొక్క మనిషికి ఇంత అని కమీషను తీసుకుంటుంది. ఇటుక బట్టీలకు మనుషులను కూర్చే మేస్త్రీ ఎలా పనిచేస్తాడో అచ్చం అలా. నా కక్షిదారును ఆ మాట అడిగినవాళ్లే లేరు. ఇలాంటి పని మగవాడే చేయించి ఉంటాడని ముందే అనుకుని, లేని మగవాణ్ణి ఏ2గా రాసి, ఉన్న ఆడమనిషిని వదిలేశారు. ఆమె ఆ తరువాత కూడా ఎందరిని ఎక్కించిందో నాకు తెలియదు. ఆపింది మాత్రం ఎవరూ లేరు.

అధికారులారా, మారిన పాత్ర అంటే ఇదే. సంచి మోసే చోటు నుంచి మనుషులను కూర్చే చోటికి కొందరు ఎదిగారు. మొగుడు జైల్లో ఉంటే బయట బాకీలు వసూలు చేసి, వకీలుకు ఫీజు కట్టి, సరుకు ఇచ్చినవాడికి మాట నిలబెట్టే ఇల్లాళ్లు ఉన్నారు. వాళ్లలో కొందరు అతను తిరిగి వచ్చాక ఆ పెత్తనం వదులుకోరు. మరికొందరు దానిని వదిలించుకోవడానికి దారి లేక ఏడుస్తారు. బయటి నుంచి చూస్తే ఇద్దరూ ఒకే పని చేస్తున్నట్టే ఉంటుంది. తేడా పట్టుకోవాల్సింది దర్యాప్తు అధికారి.

ఇది మన దగ్గరే జరుగుతున్న వింత కూడా కాదు. గుజరాత్‌లోని పోరుబందరులో శర్మన్ ముంజా జడేజా 1986లో హత్యకు గురయ్యాక అతని ముఠాను భార్య సంతోక్‌బెన్ నడిపింది, 1990లో శాసనసభకూ గెలిచింది. ముంబయిలో దావూద్ చెల్లెలు హసీనా పార్కర్ పలుకుబడి తన అన్న దేశం దాటిపోయిన తరువాతే పెరిగింది. ఇటలీలోని నేపుల్స్‌లో రఫేలే కుటోలో జైల్లో ఉన్నన్నాళ్లూ బయట ముఠా వ్యవహారాలు చూసింది అతని అక్క రోసెట్టా. అదే ఊళ్లో మరియా లిచ్చార్ది సోదరులు జైలు పాలయ్యాక ముఠాల కూటమికే పెద్దయింది. 2001లో పట్టుబడింది, శిక్ష ముగిసి బయటికి వచ్చింది, 2021లో రోమ్ చాంపినో విమానాశ్రయంలో మళ్లీ అరెస్టయింది. సిసిలీ మాఫియా ఆడవాళ్లను ప్రమాణం చేయించి సభ్యులుగా చేర్చుకోదు. అయినా అక్కడి పార్తినికోలో అన్నలు జైలుకు పోయాక జూసీ విటాలే ముఠాను నడిపి 1998లో అరెస్టయింది, తరువాత ప్రభుత్వ సాక్షిగా మారింది. వీళ్లందరికీ అధికారం వచ్చింది మగవాడు చచ్చినప్పుడో, జైలుకు పోయినప్పుడో, పారిపోయినప్పుడో. రక్తసంబంధమో, పెళ్లి సంబంధమో దానికి అర్హత అయింది.

ఇటలీ నుంచి మనం నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. 1983లో పలెర్మో న్యాయస్థానం ఒకటి మాఫియా కుటుంబాల మహిళలపై ఆంక్షలు పెట్టాలన్న అభ్యర్థనను తోసిపుచ్చుతూ, వ్యాపార వ్యవహారాల జ్ఞానం లేని ఆడవాళ్లు డబ్బు మార్చే పనిలో భాగం కాలేరన్న అర్థంలో తీర్పు రాసింది. జాలితోనే అలా రాసి ఉండవచ్చు. ఆ జాలి వల్ల లాభపడింది మాఫియా. ఆస్తులు ఆడవాళ్ల పేరిట పెట్టుకుంటే చాలు, కోర్టు చూడదని దానికి భరోసా దొరికింది. నష్టపోయింది మాత్రం నిజంగా బయటపడాలనుకున్న ఆడవాళ్లు. వాళ్ల మాటకు బరువుందని ఎవరూ అనుకోలేదు. పదిహేడేళ్ల రీటా ఆట్రియా ధైర్యం చేసి న్యాయాధికారి పావులో బోర్సెల్లినోకు అంతా చెప్పింది. 1992 జులై 19న ఆయనను బాంబుతో చంపారు. వారం రోజులకు ఆ పిల్ల ప్రాణం తీసుకుంది. తన బిడ్డ తండ్రి ముఠా గురించి నోరు విప్పిన లియా గరోఫలోను 2009లో మిలాన్‌లో చంపేశారు. కోర్టులో తండ్రికి వ్యతిరేకంగా నిలబడి సాక్ష్యం చెప్పింది కూతురు.

ఇక మన చట్టం సంగతి. మాదకద్రవ్యాల కేసులకు వర్తించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి 1 కిలో లోపు స్వల్ప పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. వాణిజ్య పరిమాణానికి శిక్ష 10 ఏళ్ల నుంచి 20 ఏళ్ల కఠిన కారాగారం, కనీసం లక్ష రూపాయల జరిమానా. సంచి మోసినామెకూ, సరుకు సొంతదారుకూ ఇదే కొలత. 20 కిలోల గీత గురించి సరుకు పంపేవాడికి తెలుసు, మోసేదానికి తెలియదు. ఆమె 19 కిలోలతో దొరికితే వేరే కేసు, 21 కిలోలతో దొరికితే వేరే జీవితం. అభియోగపత్రం వేయడానికి మీకు 180 రోజుల గడువు ఉంటుంది, కోర్టు అనుమతిస్తే ఏడాది వరకూ పెరుగుతుంది. ఆ రోజులన్నీ ఆమె జైల్లోనే. ఆరేళ్లలోపు బిడ్డ ఉంటే తల్లితో పాటు ఉండవచ్చని 2006లో సుప్రీంకోర్టు ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో చెప్పింది. అది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న కేసే. ఏడేళ్ల బిడ్డ సంగతి? ఆ బిడ్డ ఎవరింట్లో అన్నం తింటోందో రిమాండు రిపోర్టులో రాసే గడి కూడా లేదు.

బెయిలు దగ్గర మరీ అన్యాయం. మనీ లాండరింగ్ నిరోధక చట్టం 45వ సెక్షనూ, ఎన్‌డీపీఎస్ 37వ సెక్షనూ బెయిలుకు దాదాపు ఒకే రకం కఠిన షరతులు పెడతాయి. మొదటి దానిలో మహిళలకు, పదహారేళ్లలోపు వారికి, రోగులకు మినహాయింపు ఉంది. చదువుకుంది, పలుకుబడి ఉంది అన్న కారణంతో ఆ మినహాయింపును మహిళకు కాదనకూడదని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రెండోదానిలో అలాంటి వాక్యమే లేదు. కోట్ల రూపాయల వ్యవహారంలో ముద్దాయికి ఉన్న వెసులుబాటు, జనరల్ బోగీలో సంచితో దొరికిన కువి మహిళకు లేదు. ఇది మీరు మార్చగలిగింది కాదు. మన రెండు జిల్లాల పార్లమెంటు సభ్యులు ఈ లేఖ చదివితే వాళ్లను అడుగుతున్నాను, ఈ ఒక్క వాక్యం కోసం సభలో నోరు విప్పండి.

మీ చేతుల్లో ఉన్నవి వేరే ఉన్నాయి.

మహిళ శరీరాన్ని మహిళే సోదా చేయాలని ఎన్‌డీపీఎస్ 50వ సెక్షన్ అంటుంది. సంచికి ఆ నియమం వర్తించదని 2005లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఆడవాళ్ల సంచి ముట్టుకుంటే గొడవవుతుందన్న జంకు చట్టానిది కాదు, మనది. ముఠా ఆ జంకునే కొనుక్కుంటోంది. రాత్రి బండ్లు వచ్చే వేళ కొత్తవలసలో, విజయనగరంలో, పలాసలో రైల్వే పోలీసులతో కలిసి మహిళా కానిస్టేబుళ్లను నిలబెట్టండి. ఆడవాళ్లను పంపితే సులువు అన్న లెక్క తప్పిన రోజున ఆడవాళ్లను పంపడమూ తగ్గుతుంది. ఇంత చిన్న ఏర్పాటు ఇన్నేళ్లుగా స్థిరంగా ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

మధ్యవర్తుల నివేదిక రాసేటప్పుడు కువి, సవర, ఒడియా మాట్లాడేవాళ్లను పిలిపించండి. గ్రామ సచివాలయంలో, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏలో, అంగన్‌వాడీల్లో ఆ భాషలు వచ్చిన ఆడపిల్లలు పనిచేస్తున్నారు. ఆమెకు ఏ భాషలో చెప్పారో, ఎవరు చెప్పారో కాగితం మీద ఉండాలి. ఇది ముద్దాయికి మేలు కోసమే అనుకోవద్దు. 2020లో తూఫాన్ సింగ్ కేసు తీర్పు వచ్చాక అధికారుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా నిలవడం లేదు. అర్థం కాని భాషలో వేయించుకున్న వేలిముద్ర ఇంకెంత నిలుస్తుంది? ఆమె భాషలో అడిగితే బయటికి వచ్చే పేరు మాత్రం మీకు కొండంత పనికొస్తుంది.

ఆ పేరు వెంట పైకి వెళ్లండి. ఎన్‌డీపీఎస్ చట్టంలోనే పెట్టుబడి పెట్టినవాడికి 27ఏ సెక్షను ఉంది. కుట్రకు 29 ఉంది. సరుకు తాలూకు మూలాలు చెప్పి నిజం పూర్తిగా బయటపెట్టేవాళ్లకు విచారణ నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం 64వ సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. తొలిసారి సంచి మోసి దొరికిన మహిళల విషయంలో ఈ సెక్షన్ వాడమని మీరు ప్రభుత్వానికి ప్రతిపాదనలు పంపవచ్చు. నా అనుభవంలో అలాంటి ప్రతిపాదన ఒక్కటీ చూడలేదు. సాక్ష్యం చెప్పినామె తిరిగి అదే ఊరికి, అదే ఆడమనిషి పక్కింటికి పోవాల్సి వస్తే ఎవరూ నోరు విప్పరు. ఇటలీలోని రెజ్జో కలాబ్రియా బాలల న్యాయస్థానం 2012 నుంచి ముఠా కుటుంబాల పిల్లలను వేరే ఊళ్లకు పంపి చదివించడం మొదలుపెట్టింది. మొదట్లో తిట్టిపోసిన తల్లులే కొన్నాళ్లకు మా పిల్లలనూ తీసుకుపోండి అని వెళ్లి అడిగారు. మన దగ్గర గురుకులాలు ఉన్నాయి, కస్తూర్బా విద్యాలయాలు ఉన్నాయి. జైల్లో ఉన్న తల్లి పిల్లకు అక్కడ సీటు ఇవ్వడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కలెక్టరు గారి సంతకం చాలు.

ఆస్తుల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 111వ సెక్షన్ వ్యవస్థీకృత నేరాల గురించి చెబుతుంది. ముఠా సభ్యుడిని దాచిపెట్టినందుకు శిక్ష ఉంది గానీ, దాచింది భార్య అయితే ఆ నిబంధన వర్తించదు. అదే సభ్యుడి తరఫున లెక్కచెప్పలేని ఆస్తి పట్టుకుని ఉంటే మూడేళ్లకు తగ్గని శిక్ష, భార్యకైనా సరే. అంటే మొగుణ్ణి దాచినామెను వదిలే చట్టం, మొగుడి సొమ్ము దాచినామెను వదలదు. ఎన్‌డీపీఎస్ చట్టం కింద జప్తు కూడా బంధువుల పేరిట ఉన్న ఆస్తుల దాకా వస్తుంది. రావాలి కూడా. కానీ దస్తావేజు మీద పేరున్నంత మాత్రాన పెత్తనం ఉన్నట్టు కాదని మన ఊళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు. రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్లి సంతకం పెట్టమంటే పెట్టి వచ్చిన ఇల్లాలు ఉంది. ఏటీఎం కార్డు, దాని నంబరు మొగుడి జేబులో ఉంటే ఖాతా మాత్రం ఆమెది. ఎవరి ఫోను నుంచి డబ్బు కదిలింది, ఎవరు తీశారు, ఎవరి మీద ఖర్చయింది అన్నది తీగ లాగితే రెండు రోజుల్లో తెలుస్తుంది. ఆ పని చేస్తే కొందరు మహిళలు బయటపడతారు, ఇప్పటివరకూ ఎవరూ వేలెత్తి చూపని కొందరు మహిళలు లోపలికి వెళతారు. రెండూ జరగాలనే నేను కోరుతున్నాను.

మనుషుల అక్రమ రవాణాలోనూ ఇదే వరుస. 2018 లెక్కల ఆధారంగా ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల విభాగం ఇచ్చిన నివేదికలో ఆ నేరానికి శిక్ష పడినవారిలో మూడో వంతుకు పైగా మహిళలే. ఒకప్పుడు తాము అమ్ముడుపోయి, తరువాత ఇంకొకరిని నమ్మించే పనికి దిగినవాళ్లు వాళ్లలో ఉన్నారు. వలసల జిల్లాగా పేరుపడ్డ శ్రీకాకుళంలో ఉద్యోగం ఇప్పిస్తానని ఇంటికి వచ్చే అక్కను పిల్లలు అనుమానించరు, మగ ఏజెంటును అనుమానిస్తారు. ఈ విషయం వేరే లేఖే రాయదగ్గది.

చివరిగా పత్రికా సమావేశాల మాట. ముసుగు వేసి నిలబెట్టిన ఆ ఫొటో వల్ల ఏ ముఠా భయపడిందో చెప్పండి. ఊళ్లో ఆమె చీర చూసి పోల్చుకుంటారు. బిడ్డ బడి మానేస్తుంది. సంచి ఇచ్చినామె ఆ ఫొటో చూసి ఫోను నంబరు మార్చేస్తుంది. విలేకరి మిత్రులకూ ఇదే మనవి, శీర్షిక పెట్టేముందు ఆమె చేసిన పని ఏమిటో ఒక్కసారి అడగండి.

కలెక్టరు గారి అధ్యక్షతన జిల్లా స్థాయి మాదకద్రవ్యాల సమన్వయ కమిటీ సమావేశాలు జరుగుతున్నాయి. ఎన్ని కిలోలు పట్టుకున్నారు, ఎన్ని కేసులు పెట్టారు, ఎందరిని అరెస్టు చేశారు అన్న లెక్కలు అక్కడ మీ దగ్గర ఉంటాయి. వచ్చే సమావేశంలో ఇంకో పట్టిక కలపండి. అరెస్టయిన మహిళల్లో మోసినవారు ఎందరు, మనుషులను కూర్చినవారు ఎందరు, అమ్మినవారు ఎందరు, డబ్బు నడిపినవారు ఎందరు, పేరు మాత్రమే ఉన్నవారు ఎందరు. ప్రతి కేసులో సంచి ఇచ్చిన మనిషి దొరికారా లేదా. దుబాసీ ఉన్నారా లేదా. పిల్లలు ఎక్కడ ఉన్నారు. ఆ సమావేశానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి గారినీ పిలవండి. మా ప్యానెల్ న్యాయవాదులం కక్షిదారుల పేర్లు లేకుండా, వాళ్ల సమ్మతితో మా దగ్గరున్న వివరాలు ఆ పట్టికలో నింపి ఇస్తాం. నా కక్షిదారును రైలెక్కించిన ఆ పక్క ఊరి ఆడమనిషి దగ్గరికి వెళ్లే దారి కూడా ఆ పట్టికలో మీకు దొరకవచ్చు.

ఇట్లు,
ప్యానెల్ న్యాయవాది,
విజయనగరం